గండిపేట నుంచి గుర్రం చెరువు దాకా

ఈ సెప్టెంబరు 28తో మూసీ మహావరదకు నూట పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. ఆ వరద మిగిల్చిన దుఃఖంలోంచి పుట్టిన హిమాయత్‌సాగర్‌కు వచ్చే ఏడాది నూరేళ్లు. మొదటిది హైదరాబాదు కన్నీరు పెట్టిన తేదీ, రెండోది హైదరాబాదు తలెత్తుకొని చెప్పుకోదగ్గ తేదీ. ఈ రెంటి నడుమ నిలబడి వెనుదిరిగి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. వరద వచ్చిన పంతొమ్మిదేళ్లలో రెండు మహా జలాశయాలు కట్టి నదికి కళ్లెం వేసిన నగరమే, ఆ తర్వాత తన చెరువులను తానే పూడ్చుకొని, నాలాల మీద గోడలు లేపి, నది ఊసే లేని కాలనీల్లో సైతం వానాకాలం పడవలు తిప్పుకోవలసిన గతి ఎలా తెచ్చుకుంది? శతజయంతి సంబరాలకు తోరణాలు కట్టేముందు ఈ లెక్క తేల్చుకోవడం మన విధి.

1591లో చార్మినార్ చుట్టూ నగరం వెలిసేనాటికే ఇది నీటి మర్మం తెలిసిన నేల. హుస్సేన్‌సాగర్ అప్పటికే నిండి ఉంది, పురానాపూల్ అప్పటికే మూసీ మీద నిలిచి ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పారే మూసీ, నగరానికి ఎగువనే వచ్చి దానితో కలిసే ఈసీ, ఈ రెంటి పరీవాహకంలో ఊరూరా గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు దుంకి కింది చెరువుకు, అదీ నిండితే ఆ దిగువకు, చివరికి ఏటికి. సాగుకు తూము, వరదకు అలుగు, రెంటినీ కనిపెట్టుకొని ఉండడానికి ఊరి నీరటి. కాకతీయుల నాటి నుంచి దక్కను పల్లె ఈ ఏర్పాటు మీదే బతికింది. 1908 వరద తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, నగరానికి ఎగువనున్న పరీవాహకంలో ఇలాంటి చెరువులు 788 తేలాయి.

1908 సెప్టెంబరు చివరి వారంలో, బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను దక్కను పీఠభూమి లోపలికంతా చొచ్చుకొచ్చి ఈ చెరువుల మీద కుమ్మరించింది. శంషాబాద్ దగ్గర రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాల వాన. ఎగువన ఒక కట్ట తెగితే ఆ నీరంతా దిగువ చెరువు మీద పడి దాని కట్టనూ తెంపింది. అలా తెగినవి 221. సెప్టెంబరు 28న నగరం నడిబొడ్డున మూసీ 4,25,000 క్యూసెక్కులతో పోటెత్తింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి; మూడు వందల ఏళ్లనాటి పురానాపూల్ తట్టుకొని నిలిచింది. నది ఒడ్డున ఉన్న ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. చనిపోయినవారు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరద తీసుకుపోయింది. ఆయన ఒక్కరే ప్రాణాలతో బయటపడ్డారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పండితుల మాట విని నది ఒడ్డుకు వెళ్లి మూసీకి హారతి పట్టి శాంతించమని వేడుకొన్నాడని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గానీ, ఇళ్లు పోయినవారికి ప్రభువు తన తోటలూ భవనాలూ తెరిపించి అన్నం పెట్టించాడన్నది చరిత్ర.

హారతితో ఆగిపోకపోవడమే ఆనాటి పాలకుల ఘనత. బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి విదేశాల్లో పర్యటిస్తున్న విశ్వేశ్వరయ్యకు కబురు పంపారు. 1909లో ఆయన హైదరాబాదు వచ్చి చేసిన మొదటి పని నది గట్టున నిలబడి గోడ ఎంత ఎత్తున కట్టాలో కొలవడం కాదు. ఎక్కడ ఎంత వాన పడింది, ఏ చెరువు ఎప్పుడు తెగింది, ఆ నీరు ఏ దారిన ఎంతసేపటికి నగరం చేరింది అని పరీవాహకమంతా శోధించడం. రోగం కనిపించిన చోటు వేరు, పుట్టిన చోటు వేరని తేల్చి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను ఎగువనే పట్టుకోవాలనీ, తుఫాను వెలిశాక మెల్లగా వదలాలనీ చెప్పాడు. నగరంలో నదికి ఇరువైపులా గట్లు, వాటి మీద తోటలు, ఇళ్ల మురుగుకు భూగర్భ కాలువలు కావాలన్నాడు. వరద నివారణ నగరం బయట మొదలై నగరం లోపల ముగియాలన్న ఆ ఆలోచన నేటికీ పాతబడలేదు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు హైదరాబాదు చరిత్రలో వెలుగు నిండిన కాలం. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మనం గండిపేట అని పిలుచుకొనే ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరద ఊడ్చుకుపోయిన ఒడ్ల మీదనే హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. శవాలు తేలిన చోట న్యాయం, చదువు, వైద్యం నెలకొల్పిన ఆ సంకల్పం ముందు ఎవరైనా తల వంచవలసిందే. గండిపేట నీళ్ల రుచి హైదరాబాదీలకు ఊరి పేరంత అభిమానమైపోయింది. కాలక్షేపానికి వెళ్లే పిల్లలకు అది ఒక విహారస్థలం, ఇంట్లో నల్లా తిప్పే తల్లికి అది తాగునీరు. ఈ జంట జలాశయాలు వరద కోసం పుట్టాయన్న సంగతి ఒక తరం గడిచేసరికి జనం మనసుల్లోంచి జారిపోయింది. పాలకుల మనసుల్లోంచి కూడా జారిపోవడమే అసలు విషాదం.

నది లొంగిందన్న నిశ్చింత నగరాన్ని నిర్లక్ష్యంలోకి దించింది. 1956లో ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక ఊరు నలువైపులా పెరిగింది. తొంభయ్యో దశకం నుంచి ఐటీ కంపెనీలు, వాటి వెంట కాలనీలు, వాటి వెంట రియల్ ఎస్టేట్ పరుగులు పెట్టాయి. పొలం ప్లాటయింది. ఆయకట్టు పోయిన చెరువుకు దిక్కు లేకుండా పోయింది. తూము తెరిచే నీరటి లేడు, కట్ట తెగితే మా వరి పోతుందని గడ్డపార పట్టుకొని పరుగెత్తే రైతు లేడు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గితే దున్నుకొనే శికం భూమి, ఆ పట్టాతోనే చేతులు మారి, చదునై, గజాల లెక్కన అమ్ముడైంది. రెండు చెరువులను కలిపే వాగు మొదట నాలా అయింది, తర్వాత మోరీ అయింది, చివరికి ఒక అపార్టుమెంటు ప్రహరీ కింద మాయమైంది. ఈ పని చేసింది ఆక్రమణదారులు ఒక్కరే కాదు. సర్కారు రోడ్లు వేసింది, సర్కారు కార్యాలయాలు కట్టింది, మూసీ గర్భాన్ని ఆనుకొని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను నిలబెట్టింది.

మొదటి గట్టి హెచ్చరిక 2000 ఆగస్టు 24న వచ్చింది. బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. నేను అప్పుడు పత్రికలో కొత్త. హుస్సేన్‌సాగర్ అలుగు నాలా వెంట దోమల్‌గూడ, అశోక్‌నగర్ సందుల్లో మొలలోతు నీళ్లలో నడుస్తూ, ఇదేమిటి, ఇక్కడికి మూసీ ఎంత దూరం అని ఆశ్చర్యపడ్డాను. మేడ మీద నుంచి ఒక పెద్దాయన తాడుకు బకెట్టు కట్టి కిందికి వదిలితే, పాలప్యాకెట్లు పట్టుకొచ్చిన కుర్రాడు వాటిని అందులో వేస్తున్నాడు. వరద అంటే నది పొంగడమే అనుకొన్న మా తరానికి, వాన కూడా వరద కాగలదని ఆ రోజు తెలిసింది. తర్వాత నియమించిన కిర్లోస్కర్ కమిటీ 2003లో నివేదిక ఇచ్చింది: నాలాలను వెడల్పు చేయండి, అడ్డంగా ఉన్న కట్టడాలను తొలగించండి, వాననీటికి వేరే కాలువల వ్యవస్థ కట్టండి. ఆ నివేదికను ప్రతి వానాకాలం ఉటంకించడం ఒక ఆనవాయితీ అయింది. అమలు చేయడం కాలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1908 మహావరద నాడు నగరంలోని కొలమానం చూపిన వాన పదిహేను సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. అంతకు మించిన వాన ఎగువన పడింది, ఆ నీరే నది మీదుగా ఊరి మీదికి వచ్చింది. 2000లో, ఆ తర్వాత 2020లో నగరం నెత్తి మీద అంతకన్నా ఎక్కువ కురిసింది. అంటే శత్రువు దిక్కు మార్చుకొన్నాడు. నది దారిన వచ్చే వరదను విశ్వేశ్వరయ్య పథకం పట్టి ఆపింది. ఊరి మీద కురిసే వానను పట్టవలసిన చెరువులను, మోయవలసిన నాలాలను మనం తినేశాం. ఇప్పటి ముంపు మూసీ తెచ్చిపెట్టినది కాదు, మనం కట్టి తెచ్చుకొన్నది.

2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. సముద్రానికి అంత దూరాన ఉన్నామన్న ధీమాతో నిద్రపోబోయిన హైదరాబాదు మీద ఆ సాయంత్రం నుంచి ఆకాశం విరిగిపడింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు; అక్టోబరు నెలలో నగరం అంతకు ముందెన్నడూ ఒక్క రోజులో అంత వాన చూడలేదు. శివారున ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు దాటింది. పాతబస్తీ దక్షిణాన పల్లె చెరువు పొంగి అల్‌జుబైల్ కాలనీని ముంచింది. నాలుగు రోజులకు మళ్లీ వాన పట్టి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ సందుల్లో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నగరంలో ముప్పై మందికి పైగా చనిపోయారు. 1908లో చెరువుల కట్టలు తెగి ఊరిని ముంచితే, నూట పన్నెండేళ్ల తర్వాత కూడా చెరువు కట్ట తెగే ఊరు మునిగింది. నడుమ గండిపేట కట్టిన చరిత్ర ఉంది, గుర్రం చెరువును గాలికొదిలిన చరిత్రా ఉంది.

ఆ వారం నగరానికి తూర్పున ఒక చెరువు దిగువ కాలనీకి వెళ్లాను. గోడల మీద కిటికీ ఎత్తున బురద గీత. వాకిట్లో మంచం వాల్చి తడిసిన బియ్యం ఎండబోశారు, అవి అప్పటికే పులిసిన వాసన వేస్తున్నాయి. ఫ్రిజ్జు వెల్లకిలా పడి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి విప్పింది. రిజిస్ట్రేషన్ దస్తావేజు, క్రమబద్ధీకరణకు రుసుం కట్టిన రసీదు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు. "అన్నీ పోయినయి బిడ్డా, ఇవి మాత్రం తడవనియ్యలే, నెత్తి మీద పెట్టుకొని మెట్లెక్కిన" అంది. ఈ జాగా చెరువుదని కొనేటప్పుడు తెలియదా పెద్దమ్మా అని అడిగాను. "చెరువైతే సర్కారోళ్లు ముద్రెట్ల ఏస్తరు బిడ్డా?" అని ఆమె నన్నే ఎదురడిగింది.

ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరి దగ్గరా జవాబు లేదు. చెరువు శికంలో లేఅవుటు గీసినవాడు లాభం తీసుకొని వెళ్లిపోయాడు. ముద్ర వేసినవారు బదిలీ అయ్యారు, పదవీ విరమణ చేశారు. క్రమబద్ధీకరణ పేరిట సర్కారు రుసుం పుచ్చుకొంది, వరద వచ్చాక కుటుంబానికి పదివేల రూపాయల సాయం ప్రకటించింది. ఒకే చెరువును ఒక చేత్తో అమ్మి మరో చేత్తో పరిహారం పంచే ఈ పాలనలో, అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్న మనిషే అన్ని విధాలా మునిగింది.

జంట జలాశయాల కథా ఇలాగే నడిచింది. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఆ ఎగువన ఒక పరిశ్రమ విషయమై నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశ పర్యావరణ న్యాయంలో మైలురాయి అయింది. 2022 ఏప్రిల్లో, నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి గనుక ఈ జలాశయాల మీద ఆధారపడవలసిన పని లేదంటూ ఆ ఆంక్షలను ఎత్తివేయడానికి జీవో 69 తెచ్చారు. తాగునీటి లెక్క చూసినవారు వరద లెక్క చూడలేదు. ఎగువన పొలాలు కాంక్రీటయితే, నేలలోకి ఇంకవలసిన వాన పరుగున వచ్చి జలాశయాన్ని నింపుతుంది. అది నిండితే గేట్లెత్తక తప్పదు. గేట్లెత్తితే దిగువ బస్తీలు మునగక తప్పదు. ఇప్పుడు గోదావరి నీటిని తెచ్చి ఈ జలాశయాలను నింపి మూసీని ఏడాది పొడవునా పారించాలన్న పథకం నడుస్తోంది. అది మంచి సంకల్పమే కావచ్చు. కానీ నిండుకుండలో కొత్త నీరు పట్టదు గనుక, తుఫాను కోసం ఎంత ఖాళీ ఉంచుతారో ఆ పథకం రాసేవారు ముందే చెప్పాలి.

2025 సెప్టెంబరు 26 రాత్రి ఆ హెచ్చరిక కళ్లకు కట్టింది. ఎగువన వానలు పడి జంట జలాశయాల గేట్లెత్తగానే మూసీ చాదర్‌ఘాట్ దగ్గర బస్తీల్లోకి వచ్చింది, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. పండుగకు ఊళ్లకు బయలుదేరిన ప్రయాణికులు ప్లాట్‌ఫారాల మీదే చిక్కుకుపోయారు. 1908 వరద నీటితో పోలిస్తే అది చిన్న ప్రవాహం. ఆ మాత్రానికే బస్సులు ఆగిపోయాయంటే, నదికి మనం మిగిల్చిన చోటు ఎంతో తెలుస్తుంది.

జరిగిన మంచిని కాదనడం న్యాయం కాదు. 2020 తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం మొదలైంది, కొన్ని కాలనీలు దాని ఫలం చూశాయి. చెరువుల ఆక్రమణల తొలగింపుకు 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ పెద్దల కట్టడాల జోలికీ పోగలనని చూపింది; అంబర్‌పేటలో చెత్త నిండిన బతుకమ్మకుంట మళ్లీ నీళ్లతో నిండి, అక్కడ ఆడపడుచులు బతుకమ్మ ఆడారు. అయితే అదే యంత్రాంగం బుల్డోజరు కొన్నిచోట్ల తెల్లవారకముందే, సామాను తీసుకొనే వ్యవధి ఇవ్వకుండా పేదల గోడల మీదికి వచ్చిందన్న ఆవేదనా ఉంది. మూసీ ఒడ్డున రేకుల ఇంట్లో బతికేవాడు అక్కడ ఉండాలని కోరుకొని ఉండడంలేదు. నగరం అతని పని కావాలనుకొంది గానీ అతనికి చోటు ఇవ్వలేదు. పునరావాసం ముందు, కూల్చివేత తర్వాత అన్న వరస తప్పితే చెరువుల రక్షణకే జనం శత్రువులవుతారు.

ఇది ఒక్క హైదరాబాదు గోడు కాదు. 2024 సెప్టెంబరులో బెజవాడ చూపిందీ ఇదే. ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణమ్మను, తన చరిత్రలోనే పెద్ద వరదను, దిగువకు సాగనంపింది. ఊరిని ముంచింది మాత్రం బుడమేరు వాగు. మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించవలసి వచ్చింది. ముంబయిలో 2005లో మీఠీ, చెన్నైలో 2015లో అడయార్ చెప్పిన కథలూ దీనికి దూరం కావు. పెద్ద నదులకు మనం భయపడ్డాం, గట్లు కట్టాం. చిన్న వాగులను చులకన చేశాం, అవే మన గడపలు దాటి లోపలికి వచ్చాయి.

ఇక ముందు సముద్రం మరింత వేడెక్కుతుంది, వాయుగుండాలు ఒక్క రాత్రిలో నెల వాన కురిపించడం మనకు అలవాటు కావచ్చు. రేపటి వరద తేదీ ఎవరికీ తెలియదు గానీ అది వచ్చే దారి మాత్రం గ్రామ పటాల్లో గీసి ఉంది. కాబట్టి కోరవలసినవి అసాధ్యమైనవేమీ కావు. నగర పరిధిలోని ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం), బఫర్ జోన్ హద్దులు తేల్చి తుది నోటిఫికేషన్ ఇవ్వాలి, హద్దురాళ్లు పాతాలి. నాలాల విస్తరణ ప్రారంభోత్సవాలకు వీలైన చోట కాక, నీరు నదిలో కలిసే దిగువ కొస నుంచి పైకి సాగాలి. వానాకాలంలో జంట జలాశయాల్లో ఎంత ఖాళీ ఉంచుతున్నారో, ఎప్పుడు గేట్లెత్తుతారో దిగువ బస్తీలకు ముందుగా తెలియాలి. శికం భూమికి ముద్ర వేసిన సంతకాలను వెతికి తీసి జవాబు అడగాలి. కొన్నవాడి ఇల్లు ఒక్కటే కూలి, అమ్మినవాడూ అనుమతించినవాడూ క్షేమంగా ఉండే పద్ధతి పోవాలి. పాఠకులు కూడా ప్లాటు కొనేముందు వాస్తు చూపించుకొన్నంత శ్రద్ధగా పాత గ్రామ పటం చూపించుకోవాలి.

హిమాయత్‌సాగర్ నూరేళ్ల పండుగకు శిలాఫలకాలు, దీపాలంకరణలు ఎలాగూ ఉంటాయి. ఆ వేదిక ఎక్కేలోగా చెరువుల హద్దుల తుది జాబితాను ప్రజల ముందు పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. అది లేకుండా చేసే ఉత్సవానికి అర్థం లేదు.